పాతవాళ్ళెవరు? కొత్తవాళ్ళెవరు?



ఈ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈమధ్య మన తండాల్లో తరచూ వినపడుతున్న మాట: "నిన్న మొన్న వచ్చినవాళ్ళు మన ఊరంతా కొనేస్తున్నారు." ఈ మాటలో బాధ ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ చరిత్ర తెలియకుండా ఇదే మాట పట్టుకుని కూర్చుంటే మనకే నష్టం. ఎందుకంటే ఇదే మాటను మన వాళ్ళ మీద అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూపడమే ఈ వ్యాసం పని.

మన రోడ్డు సంగతి

ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై కొండపల్లి, జి.కొండూరు, మైలవరం, ఎ.కొండూరు, తిరువూరు మీదుగా జగదల్‌పూర్ వైపు వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఒకసారి బస్సులో కిటికీ పక్కన కూర్చుని రండి. ఒకప్పుడు మామిడి తోటలు, మెట్ట చేలు కనిపించిన చోట ఇప్పుడు వెంచర్ల బోర్డులు కనిపిస్తాయి. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1967లో నాగార్జునసాగర్ నుంచి నీళ్ళు వదిలాక ఎడమ కాలువ ఆయకట్టు చివరన ఉన్న మన మెట్టలకు కూడా విలువ పెరిగింది. 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలై ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగులు, కాంట్రాక్టు కూలీలు వచ్చారు. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలు, హాస్టళ్ళు వచ్చాయి.

2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని కృష్ణకు అవతలి ఒడ్డున అని తేలాక వేగం ఒక్కసారిగా మారింది. రాజధాని ప్రాంతం పేరుతో అప్పట్లో గీసిన హద్దు సుమారు 8,352 చదరపు కిలోమీటర్లు. మైలవరం కూడా ఆ హద్దులోనే పడింది. రాజధానికి భూములిచ్చింది అవతలి గట్టు రైతులైనా, రేటు మాత్రం ఇవతలి గట్టున కూడా పెరిగింది. 2022 ఏప్రిల్‌లో మనం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారాం. ఇప్పుడు అమరావతి చుట్టూ సుమారు 190 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రతిపాదన ఉంది.

రేటు పెరిగినచోట కంచె కూడా వస్తుంది. నిన్నటిదాకా మేకలు నడిచిన దారి ఇవాళ ఎవరి ప్లాటో అవుతుంది. చెరువు గట్టు మీదుగా తండాకు వచ్చే బాట మూసుకుపోతుంది. అప్పుడే "పాతవాళ్ళం మేము, కొత్తవాళ్ళు మీరు" అన్న మాట నోటికొస్తుంది.

మనం కూడా నడిచి వచ్చినవాళ్ళమే

మన గోర్ బోలిలో మనవాళ్ళను గోర్ అంటాం, బయటివాళ్ళను కోర్ అంటాం. లోపలివాడికి ఒక పేరు, బయటివాడికి ఒక పేరు. ఈ తేడా మన భాషలోనే ఉంది కాబట్టి పాత కొత్తల గొడవ మనకు కొత్త కాదు.

తండా అనే మాట సంగతి చూడండి. ఇవాళ తండా అంటే ఊరు. ఒకప్పుడు తండా అంటే కదిలే ఎడ్ల బిడారు. వందలు, వేలల్లో ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి దక్కను లోపలికి, అక్కడి నుంచి మళ్ళీ తీరానికి నడిచినవాళ్ళు మన ముత్తాతలు. లంబాడి, లమాణీ అనే పేర్లు లవణం నుంచి వచ్చాయని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. మొగలు సైన్యాలకు ధాన్యం చేరవేసింది మనవాళ్ళే. టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి వెళ్ళిన ఇంగ్లీషు సైన్యాలు కూడా బంజారాల ఎడ్ల మీదే ఆధారపడ్డాయి. అందరికీ అవసరమైనంత కాలం మనల్ని ఎవరూ "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడగలేదు.

ఆ అవసరం తీరిపోయిన చోటు మన పక్కనే ఉంది. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టతో బెజవాడ నుంచి కాలువలు పారాయి. ఆ కాలువల్లో పడవల మీద ధాన్యం నడిచింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం అంతకుముందే ఉంది. బిడారు నెల రోజులు నడిచే దూరాన్ని రైలు ఒక రోజులో దాటితే, ఎడ్ల యజమానికి ఇక పని ఏముంటుంది?

పని పోయినవాళ్ళను ఆ రోజుల్లో పాలకులు ఎలా చూశారో కూడా తెలుసుకోండి. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఒకచోట నిలవకుండా తిరిగే కులాలను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టిన చట్టం అది. మన ఎరుకల సోదరులను స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టింది ఆ చట్టం కిందే. వాళ్ళు కూడా ఒకప్పుడు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు మోసిన వర్తకులే. ఆ చట్టం 1952లోగానీ పోలేదు. అంటే, తిరిగేవాడు అనుమానితుడు, నిలిచినవాడు పెద్దమనిషి అనే లెక్క ఎనభై ఏళ్ళు చట్టంగా నడిచింది.

రవాణా పోయిన తండాలు నెమ్మదిగా అడవి అంచుల్లో, కొండల కింద, మెట్టల్లో నిలిచిపోయాయి. డెల్టా పల్లపు భూములు అప్పటికే చేతులు నిండిపోయాయి. మిగిలింది రాళ్ళ నేల. దాన్ని బాగుచేసింది మనవాళ్ళ చేతులే. కానీ అప్పటికి ఇక్కడ ఉన్నవాళ్ళ దృష్టిలో కొత్తవాళ్ళం మనమే. ఇది మరిచిపోకూడదు.

కొండపల్లి బొమ్మ చెప్పేది

కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఒకే కథ జరగలేదు. కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియ కుటుంబాలు తమ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ళ కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటాయి. మన పెద్దలు కూడా మన మూలాలు రాజస్థాన్ వైపే అంటారు. ఒకే దిక్కు నుంచి వచ్చారని చెప్పుకునే ఇద్దరు, ఒకే కొండల దగ్గర ఆగారు. వాళ్ళు ఈ కొండల్లోని తెల్లపొణికి కర్రను బొమ్మగా మలిచారు. ఇవాళ బెజవాడకు ఎవరొచ్చినా కొని తీసుకెళ్ళే గుర్తు అదే. దాన్ని ఎవరూ బయటివాళ్ళ బొమ్మ అనరు.

అంటే వచ్చినవాడు ఎన్నేళ్ళకు పాతవాడవుతాడు అనేదానికి కేలండరులో లెక్క లేదు. నలుగురూ తమది అనుకునే పని చేతిలో ఉంటే తొందరగా అవుతాడు. చేతిలో పనీ, పట్టా రెండూ లేకపోతే నాలుగు తరాలైనా "తండావాళ్ళు" గానే ఉండిపోతాడు.

డెల్టా రైతులు కూడా ఒకచోట కొత్తవాళ్ళే. 1930ల్లో నిజాంసాగర్ కింద, తర్వాత తుంగభద్ర కింద భూములు కొనుక్కుని వెళ్ళి ఊళ్ళు కట్టుకున్నారు. కర్ణాటకలో ఆ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులు అనే పిలుస్తారు. ఒకచోట పాతకాపు, ఇంకోచోట క్యాంపువాడు. మనిషి ఒకడే.

మనల్ని కొత్తవాళ్ళు అన్న చోటు

ఇక కొంచెం కష్టమైన కథ. ఇది మనకు ఇష్టం ఉన్నా లేకపోయినా తెలియాలి.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గోండులది, కొలాములది. అడవి శాఖ ఆంక్షలు, బయటి నుంచి వచ్చినవాళ్ళు భూములు పట్టా చేయించుకోవడం, ఈ రెండింటి మీద కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పిలిపించి కారణాలు అడిగింది. ఆయన చెప్పిన దాంట్లో ముఖ్యమైనది: గోండు తరతరాలుగా దున్నుతున్నా అతని పేరు మీద కాగితం లేదు. బయటివాడు వచ్చి కాగితం రాయించుకుంటే గోండు తన చేలోనే కౌలుదారు అవుతున్నాడు. ఆ తర్వాత 1940ల్లో ఆ జిల్లాలో పదకొండు వేలకు పైగా గిరిజన కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలిచ్చారు.

ఆంధ్రలో 1959 నిబంధన, 1963లో దాన్ని తెలంగాణకు విస్తరించడం, 1970లో దాన్ని గట్టిచేసిన 1/70, ఇవన్నీ ఒకటే చెప్పాయి: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు.

ఇక్కడే మన కథ వాళ్ళ కథను తాకుతుంది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలి, లంబాడీలు 1950ల నుంచే ఎస్టీలు. తెలంగాణలో మాత్రం కాదు. మహారాష్ట్రలో ఇదే బంజారాలు విముక్త జాతి, కర్ణాటకలో ఎస్సీలు. ఒకే భాష, ఒకే గోత్రాలు, నాలుగు చోట్ల నాలుగు రకాలు. 1976లో పార్లమెంటు చట్టం చేసి ఈ ప్రాంతీయ తేడా తీసేసింది. 1977 నుంచి తెలంగాణ లంబాడీలు కూడా ఎస్టీలయ్యారు. జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర లంబాడీల సంఖ్య 1971లో 1.32 లక్షలు. 1981లో 11.58 లక్షలు. పెరుగుదలలో ఎక్కువ భాగం తెలంగాణలో అప్పటికే ఉన్నవాళ్ళను కొత్తగా లెక్కలోకి తీసుకోవడమే. కానీ మహారాష్ట్ర వైపు నుంచి ఆదిలాబాద్‌కు వలస కూడా పెరిగింది. ఆ మాట హైమన్‌డార్ఫ్ కూడా తన తర్వాతి పుస్తకంలో రాశాడు.

గోండు వైపు నుంచి ఆలోచించండి. 1/70 అనే గోడ గిరిజనేతరుణ్ణి ఆపుతుంది. నిన్నటిదాకా గోడకు అవతల ఉన్నవాడు ఇవాళ చట్టప్రకారం గోడకు ఇవతలికి వచ్చాడు. భూమి కొనొచ్చు. ఉద్యోగానికి పోటీపడొచ్చు. చదువు ముందుగా అందిన మన పిల్లలకు టీచరు ఉద్యోగాలు ఎక్కువగా వచ్చాయి. గోండు పిల్లవాడికి తన బడిలో తన భాష తెలిసిన పంతులు లేకుండా పోయాడు.

లంబాడీ వైపు నుంచి కూడా ఆలోచించండి. తెలంగాణ తండాల్లో ఉన్న పేదరికం ఎవరికీ తక్కువ కాదు. నేరస్థుల ముద్ర మోసిన జాతి అది. ఆంధ్రలో ఎస్టీ అయినవాడు నది దాటితే కాకుండా పోవడం ఏం న్యాయం? ఆ ప్రశ్నలో కూడా తప్పు లేదు.

ఇద్దరి మాటా నిజమైనప్పుడు తప్పు ఎక్కడుంది? చట్టం జాబితాలో ఒక పేరు చేర్చింది. ఆ పేరుతో పాటు ఒక్క ఎకరం భూమి చేర్చలేదు. ఉన్న రొట్టెనే ఇద్దరి ముందు పెట్టి పంచుకోమంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 2017 చివరి నెలల్లో ఉట్నూరు చుట్టుపక్కల గోండులకూ లంబాడీలకూ మధ్య ఘర్షణలు జరిగి, నిషేధాజ్ఞలు పెట్టి, ఇంటర్నెట్ ఆపేసే దాకా వెళ్ళింది. లంబాడీలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్న డిమాండు ఇప్పటికీ ఉంది. ఆ మాట విన్నప్పుడు మనకు కోపం వస్తుంది. కానీ మైలవరంలో వెంచరు బోర్డు చూసి మనం అనుకునేదీ, ఉట్నూరులో మనవాడి ఇల్లు చూసి గోండు అనుకునేదీ ఒకే మాట కాదా?

మనకు గోడ లేదు

ఉట్నూరుకూ మైలవరానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇది మన యువతలో చాలామందికి తెలియదు. మన ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు. పాత కృష్ణా జిల్లాలో ఒక్క గ్రామం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. అందువల్ల 1/70 ఇక్కడ వర్తించదు. మనం ఎస్టీలమైనంత మాత్రాన మన పట్టా భూమి అమ్మకాన్ని ఆ చట్టం ఆపదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన గొప్ప తీర్పు కూడా షెడ్యూల్డ్ ప్రాంతాల గురించే. "గిరిజనుడి భూమి ఎవరూ కొనలేరు" అనే ధీమాతో ఉన్నవాళ్ళు ఇక్కడ మోసపోతారు.

మనకు ఉన్నవి వేరు. మొదటిది డి-పట్టా. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం చెల్లదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూములను అమ్ముకునే వీలు కల్పించారు. తర్వాత జరిగిన రిజిస్ట్రేషన్ల మీద ఫిర్యాదులు రావడంతో 2024లో వాటిని ఆపి పరిశీలన మొదలుపెట్టారు. కాబట్టి డి-పట్టా ఉన్న ఇంట్లో ఏ సంతకం పెట్టాలన్నా ముందు ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన ఏమిటో కనుక్కోవాలి.

రెండోది 2006 అటవీ హక్కుల చట్టం. ఇది షెడ్యూల్డ్ ఏరియాకే కాదు, అన్ని అటవీ భూములకూ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగులో ఉన్న ఎస్టీ కుటుంబం గ్రామసభ ద్వారా గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు అడగొచ్చు. ఎస్టీ కానివాళ్ళయితే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా అక్కడ ఉన్నట్టు చూపాలి. చూశారా, పాత కొత్తలకు చట్టం కూడా ఒక కొలత పెట్టుకుంది. ఆ కొలత మన జ్ఞాపకం కాదు, సాక్ష్యం, కాగితం.

మూడోది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. ఎస్టీని అతని భూమి నుంచి అక్రమంగా వెళ్ళగొట్టడం ఆ చట్టం కింద నేరం.

పేరు మనది, పట్టా ఎవరిది?

హైదరాబాదులో చదువుకుంటున్న, పనిచేస్తున్న మన పిల్లలు బంజారా హిల్స్ మీదుగా వెళుతుంటారు. ఆ కొండల మీద ఒకప్పుడు ఉన్నది బంజారాలు. 1930ల్లో నిజాం కొలువులోని మెహదీ నవాజ్ జంగ్ అక్కడ బండరాళ్ళ మధ్య ఇల్లు కట్టుకుని దానికి బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ వెనకే పెద్దల బంగళాలు వచ్చాయి. ఇవాళ దేశంలో ఖరీదైన ప్రాంతాల్లో అదొకటి. పేరు మనది. పట్టా మనది కాదు.

ఆ కొండల మీద మనవాళ్ళే ముందున్నారు. అందులో ఎవరికీ అనుమానం లేదు. ముందు ఉండటం వాళ్ళను కాపాడలేదు. జోడేఘాట్ చుట్టూ గోండులే ముందున్నారు. అదీ కాపాడలేదు. అందుకే నేను చెప్పదలచుకున్నది ఇది: "ముందు ఎవరొచ్చారు?" అని గొంతు చించుకోవడం కన్నా "కాగితం ఎవరి పేరు మీద ఉంది, ఎలా మారింది?" అని అడగడం మేలు. మొదటి ప్రశ్న ఇద్దరు పేదల మధ్య గొడవ పెడుతుంది. రెండో ప్రశ్న అసలు లాభపడినవాడి దగ్గరికి తీసుకెళుతుంది.

థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పనికి వచ్చిన వేరే రాష్ట్రపు కుర్రవాడు మన శత్రువు కాదు. వాడు మన ముత్తాత లాంటివాడు. అద్దెకు ఉండే విద్యార్థీ శత్రువు కాదు. రేపు మీరే బెంగళూరులో అద్దె ఇల్లు వెతుక్కుంటారు, అప్పుడు మీరే కోర్. బతకడానికి వచ్చే మనిషి వేరు, భూమి చుట్టబెట్టడానికి వచ్చే డబ్బు వేరు. ఆ డబ్బుకు ఊరి లోపలే దళారి దొరుకుతాడు. ఒక్కోసారి ఆ దళారి మన తండావాడే అవుతాడు.

మీరు చేయగలిగినవి

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది మన జిల్లాలోనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో. సర్వే రాయి ఎక్కడ పడుతుందో అక్కడే రేపటి పాత కొత్తలు తేలతాయి. సర్వేయరు వచ్చిన రోజు ఇంట్లో చదువుకున్న పిల్ల ఒకరైనా చేలో నిలబడాలి. మీ తాత పేరు మీద ఉన్న భూమి అడంగల్‌లో, 1బిలో ఎవరి పేరు మీద ఉందో మీభూమిలో చూడండి. మీ డి-పట్టా, పాసుపుస్తకం, శిస్తు రసీదులు ఫోటో తీసి దాచండి. తాత చనిపోయి ఇరవై ఏళ్ళయినా వారసుల పేర్లు ఎక్కించని ఇళ్ళు తండాల్లో ఉంటాయి. ఆ పని ముందు చేయండి. ఇంటి కాగితంలో మీ అమ్మ పేరు, అక్క పేరు కూడా ఉందో లేదో చూడండి.

ఇంకో పని కూడా ఉంది. మీ తండాలో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని మనవాళ్ళు ఏ దారిన వచ్చారో, ఏ చెరువు దగ్గర మొదట ఆగారో, ఆ చేను ఎవరు బాగుచేశారో గోర్ బోలిలోనే చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. మన భాషకు సొంత లిపి లేదు కాబట్టి తెలుగు లిపిలో రాసిపెట్టండి. అటవీ హక్కు అడిగేటప్పుడు పెద్దల మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే.

నాయక్, కారభారి, డావో కూర్చునే పంచాయతీలో ఇదివరకు తగువులు తీరేవి. ఇప్పుడు తగువులు తహసీల్దారు ఆఫీసులో తీరుతున్నాయి. అక్కడ మన వంతు వచ్చినప్పుడు చేతిలో కాగితం ఉండాలి. అక్కడే వరుసలో నిలబడిన యానాది పెద్దకు, ఎరుకల అవ్వకు తన కాగితం చదివి పెట్టగలిగే చదువు మీకుంది. మీ కాగితంతో పాటు వాళ్ళది కూడా చదివి పెట్టండి.